టేక్‌డౌన్ విల్లు డైరీ: లింబ్‌ను రైజర్‌కు పట్టి ఉంచే సామాను ఎంపిక

టేక్‌డౌన్ అంటే విప్పి మూడు ముక్కలుగా పెట్టుకునే విల్లు: నడుమ పిడి ఉండే రైజర్, దానికి పైనా కిందా వంగే రెండు లింబ్‌లు. ప్రస్తుత స్థితి: రైజర్ దిమ్మె అతికి ఆరింది, నాలుగు వైపులా చిత్రిక పట్టి చదును చేశాం. ఇంకా చెక్కలేదు. లింబ్‌లు రెండూ ఫామ్ (పొరలను వంపుగా అతికించే అచ్చు) నుంచి బయటికి వచ్చాయి, వెడల్పు కోశాం, కొనలకు గాట్లు పెట్టాలి. ఈ భాగంలో పని ఒక్కటే: లింబ్‌ను రైజర్‌కు బిగించే సామాను తేల్చడం, దాని బెజ్జాలు వేయడం. దిమ్మె చతురస్రంగా ఉన్నప్పుడే ఈ పని ముగించాలి. పిడి చెక్కేశాక డ్రిల్లింగ్ మిషన్ బల్ల మీద ఆన్చడానికి సమతలమంటూ మిగలదు.

కొలతలు ముందే చెప్పుకుంటే తర్వాతి అంకెలు అర్థమవుతాయి. విల్లు ఏఎంఓ (విలువిద్య సామాను తయారీదారుల ప్రమాణం) లెక్కలో 62 అంగుళాలు, 28 అంగుళాలు లాగినప్పుడు 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు. రైజర్ పొడవు 480 మి.మీ., వెడల్పు 50 మి.మీ.; రెండు పక్కలా నల్లతుమ్మ, మధ్యలో టేకు పట్టీ. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పూసే ముందు అప్పటికప్పుడు గరుకు కాగితం పట్టి, అసిటోన్‌తో తుడిచాం. తుడిచి ఒక పూట వదిలేస్తే నూనె మళ్లీ పైకి తేలుతుంది. రైజర్ రెండు చివర్లా లక్ష్యం వైపు ముఖం మీద 90 మి.మీ. పొడవు పీఠాలు (లింబ్ మొదలు కూర్చునే చదును చోట్లు), 15 డిగ్రీల వాలు. పీఠం దగ్గర రైజర్ మందం 42 మి.మీ. లింబ్‌లు వెదురు కోర్‌కు (నడుమ పొరకు) రెండు వైపులా ఫైబర్ గ్లాస్ పొర వేసినవి. మొదలు వెడల్పు 45 మి.మీ., వెడ్జ్ (మొదట్లో మందం పెంచే ఏటవాలు ముక్క), పైపట్టీ కలిపి మందం 14 మి.మీ.

బోల్టు మీద ఎంత బరువు పడుతుంది

‘ఏ బోల్టు వాడాలి’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. లింబ్ పీఠం మీద పడుకుని ఉంటుంది. స్ట్రింగ్ లాగినప్పుడు లింబ్ కొన విలుకాడి వైపు వస్తుంది, పీఠం బయటి అంచు ఆనికగా పనిచేస్తుంది, లింబ్ మొదలు గునపం పిడిలా పైకి లేవబోతుంది. ఆ లేపుడును ఆపేది బోల్టు. కాబట్టి బోల్టు మీద పడేది అడ్డంగా కోసే బలం కాదు, నిలువుగా పీకే బలం.

ఎంత? పూర్తిగా లాగినప్పుడు స్ట్రింగ్ రెండు సగాల మధ్య కోణం ఈ పొడవు విల్లులో 105 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అలా చూస్తే స్ట్రింగ్ బిగువు సుమారు 33 పౌండ్లు. ఆనిక అంచు దగ్గర లింబ్‌ను వంచే మొమెంట్ (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది) సుమారు 60 న్యూటన్ మీటర్లు. ఆనిక నుంచి బోల్టు కేంద్రం 50 మి.మీ. దూరంలో ఉంటే దాన్ని పీకే బలం 1200 న్యూటన్లు, అంటే 120 కిలోల పైమాట. అదే బోల్టును 30 మి.మీ. దగ్గర పెడితే 2000 న్యూటన్లు. 18 కిలోల విల్లు 200 కిలోలతో పీకడం మొదట నమ్మబుద్ధి కాదు గానీ, మీటసూత్రం అంతే.

ఇక బోల్టు సంగతి. ఎం8 సైజు (8 మి.మీ. వ్యాసం), 8.8 గ్రేడు బోల్టు సాగకుండా మోసే బరువు 20,000 న్యూటన్ల పైన. మనకు కావలసిన దానికి పదిహేను రెట్లు. బోల్టు తెగి విల్లు పాడవడం దాదాపు జరగని పని. పోయేది చెక్కలోని పట్టు, లేదా లింబ్ మొదలులో బెజ్జం వెంట చీలిక. అందుకే ముందు తేల్చవలసింది బోల్టు కాదు, అది చెక్కలో దేన్ని పట్టుకుంటుందన్నది.

లింబ్‌ను విలుకాడి వైపు ముఖానికి బిగించే డిజైన్లలో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ మొదలు చివర చెక్కను నొక్కుతుంది, బయటి అంచు విడిపోబోతుంది. ఆ డిజైన్ చేసేవారు బోల్టును బయటి అంచుకు దగ్గరగా పెట్టాలి. ఇక్కడి కొలతలు వారికి పనికిరావు.

చెక్కలో పట్టు: ఏవి చూశాం, ఏది తీసుకున్నాం

చెక్కలోకి నేరుగా కోచ్ స్క్రూ బిగించే పద్ధతి మొదటే కొట్టేశాం. విప్పి బిగించిన ప్రతిసారీ చెక్కలోని మరలు అరుగుతాయి. టేక్‌డౌన్ అంటేనే విప్పడానికి చేసిన విల్లు.

ఫర్నిచర్ సామాను షాపుల్లో దొరికే ఇన్సర్ట్ నట్లు (చెక్కలో పొదిగే, లోపలా బయటా మరలున్న గొట్టాలు) రెండు రకాలు. అలెన్ కీ పట్టే గుంతతో, తెల్లగా మెరిసేవి జింక్ మిశ్రమం పోతపోసినవి. నల్లతుమ్మ లాంటి గట్టి చెక్కలో బిగించేటప్పుడే వాటి గుంత అరిగిపోతుంది, ఒక్కోసారి మెడ దగ్గర విరుగుతుంది. బ్రాస్‌వి మేలు. బజారులో అమ్మే మూడు ముక్కల చెక్క విల్లుల్లో సర్వసాధారణంగా కనిపించేది కూడా ఇలాంటి లోహపు బుష్ లోకి ఒకే బోల్టు, పక్కన ఒక పిన్ను. 12 మి.మీ. బయటి మరల ఇన్సర్ట్‌కు మెత్తటి చెక్కలో 10 మి.మీ. బెజ్జం చాలు. తుమ్మలో 10.5 నుంచి 11 దాకా పోవాలి. ముక్క మీద వేసి చూడకుండా రైజర్ మీద వేయకూడదు. బెజ్జం అంచు కొద్దిగా కౌంటర్‌సింక్ చేయకపోతే (గరాటులా వాలుగా కోయకపోతే) మొదటి చుట్టుకే చెక్క పైకి ఉబ్బి పీఠం చదును పోతుంది. ఇన్సర్ట్ నెత్తిన ఉన్న గాటులో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే బ్రాస్ చిట్లుతుంది. ఎం8 బోల్టుకు రెండు నట్లు ఒకదానికొకటి ఎదురుగా బిగించి, ఆ బోల్టును ఇన్సర్ట్‌లోకి ఎక్కించి, పైనుంచి స్పానర్‌తో తిప్పాలి. డ్రిల్ ప్రెస్ చక్‌లో ఆ బోల్టు పట్టించి, మిషన్ ఆఫ్‌లో ఉంచి చేత్తో తిప్పితే నిటారుగా దిగుతుంది. బయటి మరలకు నెమ్మదిగా ఆరే అరాల్డైట్, లోపలి మరలకు మైనం.

ఇన్సర్ట్‌తో అసలు చిక్కు: బోల్టు పీకే దిశ, ఇన్సర్ట్ ఊడివచ్చే దిశ రెండూ ఒకటే. 40 పౌండ్ల దాకా, మంచి చెక్కలో, 20 మి.మీ. పొడవు ఇన్సర్ట్‌తో నడుస్తుంది. కానీ ప్రతి బాణానికీ బరువు పెరిగి తగ్గుతుంది, వానాకాలంలో చెక్క ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుంటుంది. అలాంటప్పుడు చెక్క మరల మీద ఆధారపడటం నచ్చలేదు.

టీ నట్ (పళ్లున్న రేకు బిళ్లకు మరల గొట్టం ఉన్న నట్టు) ఈ చిక్కును చవకగా తీరుస్తుంది. లింబ్ ముందు వైపు, టీ నట్ వెనుక వైపు. బోల్టు లాగిన కొద్దీ నట్టు అంచు చెక్కలోకి ఇంకా కూర్చుంటుంది, ఊడే దారే లేదు. అయితే తుమ్మలోకి దాని పళ్లు దిగవు. సుత్తితో కొడితే పళ్లు వంగుతాయి, లేదా చెక్క నార వెంట చీలుతుంది. పళ్లు గ్రైండర్‌తో కొట్టేసి, రేకుకు గుండ్రటి గాడి తీసి, ఎపాక్సీతో కూర్చోబెట్టాలి. మూడు స్క్రూ బెజ్జాలున్న రకం దొరికితే ఇంకా మంచిది. రైజర్ మందమంతా బెజ్జం పోతుంది, విలుకాడి వైపు ముఖం మీద లోహపు బిళ్ల కనిపిస్తుంది. దాన్ని పల్చటి చెక్కబిళ్లతో మూయవచ్చు. మొదటి విల్లు చేసేవారికి, లేత్ అందుబాటులో లేనివారికి మా సిఫారసు ఇదే.

ఈ విల్లుకు మాత్రం బ్యారెల్ నట్ తీసుకున్నాం. మంచాల పక్కపట్టీలు బిగించడానికి వాడే నట్టే ఇది: అడ్డంగా పడుకునే గుండ్రటి కడ్డీ, నడుమ మరల బెజ్జం. రెడీమేడ్‌గా దొరికేవి ఎక్కువగా ఎం6, పొట్టివి. కాబట్టి 14 మి.మీ. బ్రైట్ బార్ అనే నునుపు ఇనుప కడ్డీని 40 మి.మీ. ముక్కలుగా కోయించి, నడుమ 6.8 మి.మీ. డ్రిల్ వేసి ఎం8 ట్యాప్ పట్టించాం. ఒక చివర హాక్సా బ్లేడుతో గాటు పెట్టాం, బెజ్జంలోకి తోశాక స్క్రూడ్రైవర్‌తో తిప్పి మరలను బోల్టుకు ఎదురుగా తేవడానికి. ఆ గాటు మరల అక్షానికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. లోపల కనిపించదు కాబట్టి గాటే దిక్సూచి. చెక్క మీద ఈ కడ్డీ ఆనే విస్తీర్ణం సుమారు 450 చదరపు మి.మీ. 1200 న్యూటన్లకు చదరపు మి.మీ.కు మూడు న్యూటన్లు కూడా పడదు. గట్టి కలప నారకు అడ్డంగా దీనికి మూడు రెట్లు సులువుగా ఓర్చుకుంటుంది.

దీనికీ లోపాలున్నాయి. అడ్డ బెజ్జం, బోల్టు బెజ్జం ఒకదాన్నొకటి సరిగ్గా నడుమ కోయాలి. అర మిల్లీమీటరు తప్పినా బోల్టు మొదటి మరలోనే అడ్డం పడుతుంది.

ఐఎల్ఎఫ్ (ఇంటర్నేషనల్ లింబ్ ఫిట్టింగ్, లింబ్ తగిలించే ప్రమాణ అమరిక) గురించి ఒక మాట. విజయవాడ మైదానాల్లో రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) సాధన చేసేవారి చేతుల్లో ఎక్కువగా కనిపించే అమరిక అది: లింబ్ మొదట్లో యు ఆకారపు గాడి బోల్టు తల కిందికి జారుతుంది, డవ్‌టెయిల్ (పావురం తోకలా విచ్చుకున్న) బొత్తం రైజర్ గాడిలో టిక్కుమని కూర్చుంటుంది, పనిముట్టు అక్కర్లేదు. బోల్టు తిప్పి బరువును దాదాపు పది శాతం అటూ ఇటూ మార్చుకోవచ్చు. విల్లుల కంపెనీ హోయ్ట్ నుంచి వచ్చి అందరికీ ప్రమాణంగా మారింది. కొన్న లింబ్‌లు తగిలించాలనుకుంటే చెక్క రైజర్‌కు కూడా ఇదే దారి. కాకపోతే డవ్‌టెయిల్ గాడి లోహంలో మిల్లింగ్ చేయించి, ఆ ముక్కను చెక్కలో పొదగాలి. ఇంట్లో చేసిన లింబ్‌లకు అంత హంగు దండగ.

ఎం8 బోల్టు, 5/16 బోల్టు: చూపుకు ఒకటే

5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. వెర్నియర్ లేకుండా చూస్తే ఎం8తో తేడా తెలియదు. కానీ మరల దూరం వేరు: ఎం8లో 1.25 మి.మీ., 5/16-18లో (అంగుళానికి 18 మరలు) 1.41, 5/16-24లో 1.06. పొరపాటున ఒకటి మరొకదానిలో పెడితే ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తర్వాత బిగుస్తుంది. అక్కడ స్పానర్‌తో బలవంతం చేస్తే బ్రాస్ ఇన్సర్ట్ మరలు తుడిచిపెట్టుకు పోతాయి. స్టెబిలైజర్ (విల్లు ఊగకుండా బిగించే బరువు కడ్డీ) బుష్ మాత్రం విలువిద్య ప్రమాణం ప్రకారం 5/16-24. ఈ రైజర్‌లో స్టెబిలైజర్ కూడా పెట్టాలనుకుంటే ఒకే విల్లులో రెండు రకాల మరలు ఉంటాయి. డబ్బాలు వేరుగా పెట్టుకోవాలి. మన దగ్గర ఏ ఊరి హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికేది ఎం8 కాబట్టి లింబ్ బోల్టుకు అదే. దారిలో బోల్టు పోతే మెకానిక్ షెడ్‌లో కూడా దొరుకుతుంది.

బోల్టు పొడవు ఇలా తేలింది. వాషర్ 3, లింబ్ మొదలు 14, పీఠం పైముఖం నుంచి బ్యారెల్ కేంద్రం 25, కేంద్రం నుంచి కడ్డీ అడుగు 7: మొత్తం 49. అంటే 50 మి.మీ. బోల్టు, కడ్డీ మొత్తం మందంలో మరలు పడతాయి, కొన ఒక మిల్లీమీటరు బయటికి వస్తుంది. బెజ్జం అడుగున మరో ఐదు మి.మీ. ఖాళీ ఉంచాలి. లేకపోతే బోల్టు అడుగు తగిలి బిగిసినట్టు అనిపిస్తుంది, లింబ్ మాత్రం వదులుగానే ఉంటుంది. చేతికి తెలియని ప్రమాదం ఇది.

స్థూపాకారపు తల అలెన్ బోల్టు, స్టెయిన్‌లెస్ 304. నల్ల అలెన్ బోల్టుకు బలం ఎక్కువే గానీ కాకినాడ, విశాఖ గాలికి ఒక్క వానాకాలంలో తుప్పు పడుతుంది, ఆ తుప్పు లింబ్ మీద మరకవుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టును స్టెయిన్‌లెస్ నట్టులో వాడితే రాసుకుని అతుక్కుపోతుంది. బ్యారెల్ మామూలు ఇనుముది కాబట్టి ఆ భయం లేదు. మరలకు కాస్త గ్రీజు చాలు, అది బ్యారెల్‌ను తుప్పు నుంచి కూడా కాపాడుతుంది.

వాషర్‌ను చిన్న విషయంగా తీసిపారేయవద్దు. మామూలు ఎం8 వాషర్ బయటి వ్యాసం 16 మి.మీ.; దాని కింద లింబ్ మీద చదరపు మి.మీ.కు ఎనిమిది న్యూటన్లు దాటుతుంది. 24 మి.మీ. వాషర్ కింద మూడే. సైకిల్ షాపులో దొరికే మడ్‌గార్డ్ వాషర్ వెడల్పుగా ఉన్నా పల్చన, బిగించగానే గిన్నెలా వంగి అంచులతో గ్లాస్‌ను గీస్తుంది. 3 మి.మీ. రేకు నుంచి కోసి, కింది అంచు గుండ్రంగా రాపించినవి వాడుతున్నాం.

సూటిగా నిలిపేది పిన్నులు

బోల్టు బిగిస్తుంది, అంతే. లింబ్ పక్కకు తిరగకుండా చూడాల్సింది పిన్నులు. బోల్టు బెజ్జం లింబ్‌లో 8.5 మి.మీ. ఉంచాం, కావాలనే వదులుగా. బోల్టు మరలు లింబ్ బెజ్జం గోడను తాకితే ఒక్కో బిగింపుకూ ఆకురాయిలా కోస్తాయి.

బేరింగ్ షాపుల్లో దొరికే 6 మి.మీ. గ్రౌండ్ (సానపట్టిన) డోవెల్ పిన్నులు, 24 పొడవు. 16 రైజర్‌లో, 8 పైన. ఒక్కో పీఠానికి రెండు. ఎక్కడ పెట్టాలన్న దాని మీద కొంచెం ఆలోచన ఖర్చు చేయాలి. పిన్నుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే లింబ్ అంత సూటిగా నిలుస్తుంది. కానీ ఆనిక అంచుకు దగ్గరగా లింబ్‌లో బెజ్జం వేస్తే, సరిగ్గా ఎక్కువ వంగుడు ఉన్న చోటే కోత పడుతుంది. మొమెంట్ ఆనిక దగ్గర 60. అక్కడి నుంచి బోల్టు వైపు పోయే కొద్దీ తగ్గుతూ బోల్టు దగ్గర సున్నా అవుతుంది. 30 మి.మీ. దగ్గర 24కి వస్తుంది. అందుకే ఆనిక నుంచి మొదటి పిన్ను 30, బోల్టు 50, రెండో పిన్ను 78. పిన్నుల మధ్య 48 మి.మీ.

ఈ దూరానికి ఎంత బిగుతు కావాలి? పిన్ను బెజ్జం 6.1 అయితే ఒక్కో పిన్ను దగ్గర అటూ ఇటూ 0.05 మి.మీ. కదులుతుంది. ఆనిక నుంచి కొన దాకా సుమారు 550 మి.మీ. ఉంది, అక్కడికి పోయేసరికి ఆ కదలిక ఒక మిల్లీమీటరు దాటుతుంది. అది ఓర్చుకోవచ్చు. 6.3 బెజ్జం వేస్తే మూడు మిల్లీమీటర్ల పైన. స్ట్రింగ్ గాడి నుంచి పక్కకు పోతుంది, విప్పి బిగించిన ప్రతిసారీ బాణం వేరే చోట పడుతుంది. మొదటి పిన్ను బెజ్జం గుండ్రంగా బిగుతుగా, రెండోది లింబ్ పొడవు వెంట 7 మి.మీ. దాకా సాగదీసిన గాడిగా చేశాం. అడ్డంగా ఖచ్చితం, నిలువుగా కాస్త వెసులుబాటు. రెండూ బిగుతుగా ఉంటే లింబ్ ఎక్కదు, సుత్తి అవసరమవుతుంది. సుత్తితో ఎక్కించిన లింబ్ సుత్తి లేకుండా ఊడదు.

బెజ్జాలు వేసిన వరుస

పీఠాలకు ముందు 3 మి.మీ. హైలం షీటు (రెసిన్‌తో గట్టిపరచిన పొరల పలక) అతికించాం, కరెంటు సామాను షాపుల్లో దొరికేదే. కాగితపు రకం పెళుసు, గుడ్డ పొరల రకం తీసుకోవాలి. ఆనిక అంచు దగ్గర సన్నటి గీత మీద పడే నొక్కుడు బోల్టు లాగుడు కంటే ఎక్కువే. చెక్క ఒట్టిగా ఉంటే అక్కడ నొక్కుకుపోయి, ఆనిక వెనక్కి జరిగి, నెమ్మదిగా టిల్లర్ (పై, కింది లింబ్‌ల వంపుల పొంతన) మారుతుంది. హైలం బయటి అంచును 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేశాం. పదునుగా వదిలితే లింబ్ గ్లాస్ అక్కడే తెల్లబడుతుంది.

అద్దం మీద గరుకు కాగితం పరిచి పీఠాన్ని రుద్ది, కార్బన్ పేపరు పెట్టి లింబ్ నొక్కి చూస్తే ఎత్తు చోట్లు నల్లగా తేలతాయి. రెండు పీఠాల వాలు ఒకటే కావాలి. అర డిగ్రీ తేడా కొన దగ్గర దాదాపు 5 మి.మీ. అవుతుంది. చిన్న తేడాను షిమ్‌తో సరిచేయవచ్చు: లింబ్ మొదలు చివర కింద 0.8 మి.మీ. పట్టీ పెడితే అర డిగ్రీ, కొన విలుకాడి వైపు వస్తుంది, బరువు తగ్గుతుంది. తోలు ముక్క మాత్రం వద్దు. చప్పుడు తగ్గుతుందని పెడతారు గానీ, రోజూ నలుగుతూ బోల్టును వదులు చేస్తుంది.

మొదట అడ్డ బెజ్జం. రైజర్ దిమ్మెను పక్కకు పడుకోబెట్టి 14 మి.మీ. బెజ్జం, లోతు 45. అవతలి ముఖం దాకా పోనివ్వలేదు. 15 డిగ్రీల వాలున్న చెక్కముక్క కింద పెట్టి పీఠాన్ని బల్లకు సమాంతరం చేసి, పైనుంచి 8.5 మి.మీ. బోల్టు బెజ్జం. బోల్టు పీఠానికి నిటారుగా ఉండాలి, రైజర్‌కు కాదు. ఇక్కడ కోణం తప్పితే వాషర్ ఒక అంచు మీదే కూర్చుని లింబ్‌ను పక్కకు తోస్తుంది. అడ్డ బెజ్జంలో 14 మి.మీ. చెక్క కడ్డీ తాత్కాలికంగా దోపి పైనుంచి వేస్తే, డ్రిల్ ఖాళీలో పడగానే పక్కకు జారదు.

లింబ్‌లో బెజ్జం వేసేటప్పుడు కింద, పైన రెండు వైపులా చెక్కముక్క బిగించాలి. లేకపోతే డ్రిల్ బయటికి వచ్చే చోట గ్లాస్ పొర లేస్తుంది. వేగం తక్కువ, నొక్కుడు తక్కువ. వాడిన డ్రిల్ మళ్లీ చెక్కకు పనికిరాదు, గ్లాస్ దాని మొనను తినేస్తుంది. ముక్కుకు మాస్కు, పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. బెజ్జం గోడకు పల్చటి సూపర్‌గ్లూ పోసి ఆరాక మళ్లీ శుభ్రం చేశాం.

పిన్ను బెజ్జాలు అన్నిటికంటే చివర, అదీ కొలతతో కాదు. లింబ్‌లు రెండూ బోల్టులతో కొద్దిగా బిగించి, పొడవైన స్ట్రింగ్‌తో తక్కువ ఎత్తులో ఎక్కించి, స్ట్రింగ్ రెండు లింబ్‌ల నడుమ గీత మీద, రైజర్ నడుమ గీత మీద ఒకేసారి పడేదాకా లింబ్‌ను వెంట్రుకవాసి జరుపుతూ పోవాలి. పడ్డాక బోల్టు పూర్తిగా బిగించి, ఒక్కో లింబ్‌కు రెండు సి-క్లాంపులు వేసి, స్ట్రింగర్‌తో (స్ట్రింగ్ ఎక్కించి దించే తాడుతో) స్ట్రింగ్ దించేయాలి. ఎక్కించి ఉన్న విల్లుకు డ్రిల్ పెట్టడం ప్రాణాంతకం. దించిన తర్వాత, గట్టి చెక్కలో చేసిన గైడ్ ముక్క ద్వారా లింబ్, రైజర్ రెండూ కలిపి ఒకే దెబ్బలో 6 మి.మీ. బెజ్జం. లింబ్ తీసి, రైజర్ బెజ్జంలో ఎపాక్సీతో పిన్ను. ఎపాక్సీ ఆరేటప్పుడు లింబ్‌ను మైనం రాసి తిరిగి తొడిగి ఉంచితే పిన్ను వంగకుండా నిలుస్తుంది. పై లింబ్, కింది లింబ్ మొదళ్లలో లోపలి వైపు గుర్తు వేశాం; ఇకమీదట అవి మారకూడదు.

లాగి చూడటం

రైజర్ మీదికి పోకముందే తుమ్మ ముక్కలో అచ్చం ఇలాంటి బ్యారెల్ పెట్టి బరువు పరీక్ష చేయవచ్చు. కావలసింది మూడు రెట్లు, అంటే 360 కిలోలు. పదింతల మీట కడితే అవతల 36 కిలోల ఇసుక సంచి చాలు. చూడవలసింది ఊడుతుందా లేదా అని మాత్రమే కాదు. బెజ్జం అంచు దగ్గర చెక్క నార తెల్లగా గీతలు పడిందా, ముఖం ఉబ్బిందా. బ్యారెల్ బదులు ఇన్సర్ట్‌ను పరీక్షిస్తే అది ఒక్కసారిగా రాదు, ముందు చుట్టూ ఉన్న చెక్క చిన్న దిబ్బలా లేస్తుంది. ఆ దిబ్బ కనిపించిందంటే అది పోయినట్టే.

బిగింపు ఎంత? 3 న్యూటన్ మీటర్లు. 6 మి.మీ. అలెన్ కీ పొడుగు చేతిని బోల్టు నుంచి 90 మి.మీ. దూరంలో పట్టుకుని మూడున్నర కిలోల బలంతో నొక్కితే అంత. దానితో బోల్టులో 1900 న్యూటన్ల దాకా బిగువు వస్తుంది. లాగినప్పుడు పడే 1200 కంటే ఎక్కువ కాబట్టి లింబ్ మొదలు పీఠం నుంచి లేవదు. లేవకపోతే చప్పుడు ఉండదు, అరుగుదల ఉండదు. పైపు తొడిగి ఇంకా బిగిస్తే లాభం లేదు, వాషర్ కింద వెదురు నలుగుతుంది.

అయితే ఈ బిగువు శాశ్వతం కాదు. 1900 న్యూటన్లకు ఈ బోల్టు సాగేది మిల్లీమీటరులో నూరో వంతు. దాని చుట్టూ ఉన్న దాదాపు 40 మి.మీ. చెక్క, వెదురు కలిసి వానాకాలం నుంచి మే నెలకు ఒక శాతం కుంచించుకున్నా 0.4 మి.మీ. పోతుంది. అంటే బిగువు పూర్తిగా పోయినట్టే, బోల్టు ఎవరూ తిప్పకపోయినా. బాణం వదలగానే పీఠం దగ్గర ‘టిక్’మని వినిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే, జిగురు తర్వాత. డిస్క్ స్ప్రింగ్ వాషర్ ఒకటి జోడిస్తే ఈ సర్దుబాటు కొంత అదే చూసుకుంటుంది. లాక్‌టైట్ (మరలు తిరగకుండా పట్టే జిగురు) పూయడం దీనికి మందు కాదు. బోల్టు తిరగలేదు, చెక్క తగ్గింది. ప్రతిసారీ విప్పి దాచుకునేవారికి ఈ బెడద దానంతటదే తీరుతుంది. నెలల తరబడి విప్పకుండా గోడకు తగిలించేవారే చూసుకోవాలి.

మొదటి లాగుడు చేత్తో కాదు. గోడకు బిగించిన టిల్లరింగ్ కొయ్య మీద, కప్పీ మీదుగా తాడు, పక్కకు నిలబడి, కళ్లద్దాలతో. 300 మి.మీ. దగ్గర ఇరవై సార్లు, 450 దగ్గర ఇరవై, ఆ తర్వాత పూర్తి పొడవు. ఒక్కో దశ తర్వాత బోల్టు బిగువు చూసి, 0.05 మి.మీ. ఫీలర్ గేజ్‌ను (సందు కొలిచే పల్చటి రేకును) లింబ్ మొదలు కింద దూర్చి చూడాలి. దూరితే బిగింపు చాలలేదు, లేదా పీఠం చదునుగా లేదు. బ్రేస్ ఎత్తులో (లాగకముందు పిడికి, స్ట్రింగ్‌కు మధ్య ఉండే దూరం) పెట్టి ఆనిక దగ్గర స్ట్రింగ్ దూరం కొలిస్తే పైది కిందిదానికంటే 3 నుంచి 6 మి.మీ. ఎక్కువ రావాలి, బాణానికి పైన ఒక వేలు, కింద రెండు పెట్టి లాగేవారికి. మూడు వేళ్లూ కింద పెట్టేవారికి సమానం చాలు.

మిగిలిన పని

బ్యారెల్ బెజ్జం నోటికి టేకు బిరడాలు కోశాం, జిగురు లేకుండా దోపి ఉంచాం. బ్యారెల్ మార్చాల్సి వస్తే సన్నటి స్క్రూతో లాగేయవచ్చు. పీఠం లోపలి చివర, పిడి వైపు, లింబ్ మొదలు రైజర్ భుజానికి తగలకుండా ఒక మి.మీ. ఖాళీ వదలాలి. తగిలితే అక్కడినుంచి కూడా చప్పుడు వస్తుంది, పిన్నుల మీద తోపుడు పడుతుంది. ఇక పిడి చెక్కడం, బాణం గూడు (బాణం ఆనే కోత) కోయడం. పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ కొట్టేటప్పుడు రెండు పీఠాలకూ, పిన్నులకూ మాస్కింగ్ టేపు వేయాలి. అక్కడ పేరుకున్న కోటింగ్ మెత్తబడి లింబ్‌కు అంటుకుంటుంది, మందం తేడా వస్తే వాలు కూడా మారుతుంది. సంచిలో పెట్టవలసినవి: 6 మి.మీ. అలెన్ కీ, అదనంగా ఒక 50 మి.మీ. బోల్టు, ఒక వాషర్, స్ట్రింగర్.